ఒకటిన్నర టికెట్టు

శుక్రవారం మధ్యాహ్నం ఆసుపత్రి లాండ్రీలో పని కాస్త తెరిపినిచ్చేసరికి ఎవరో ఒకరు నీలక్క చుట్టూ చేరేవాళ్లు. తెల్ల దుప్పట్లకు నీలిమందు పెట్టీ పెట్టీ ఆమె చేతులు మోచేతుల దాకా నీలంగా మారిపోయాయి. అందుకే ఆ పేరు. అసలు పేరు జీతాల రోజున తప్ప ఎవరికీ గుర్తుకు రాదు. ఆ నీలం వల్ల ఒక సౌకర్యం కూడా ఉండేది. చేతుల మీద రంగు అంటిన చోటేదో, కమిలిన చోటేదో ఎవరూ పోల్చుకోలేరు.

"అక్కా, పిల్లలు సముద్రం చూస్తామని ప్రాణం తీస్తున్నారు. చెయ్యి చూస్తే ఖాళీ. ఎలాగంటావు?" అని అడిగింది ఆ రోజు దుప్పట్లు మడతపెట్టే అమ్మాయి.

"ఎక్స్‌ప్రెస్ జోలికి పోకు. రేపు పొద్దున్నే వచ్చే ప్యాసింజర్ ఎక్కు. అది ప్రతి చెట్టునీ పలకరిస్తూ పోతుంది. పోనీ, పిల్లలకు సరదా. రానూ పోనూ టికెట్ ఒకేసారి తీసేసుకో. అన్నం ఇంటి దగ్గరే కట్టుకో. స్టేషన్లో నీళ్ల సీసా కొన్నావంటే అక్కడితో మొదలవుతుంది దుబారా. గదీ గిదీ వద్దు, వెయిటింగ్ హాల్లో స్నానాలు కానివ్వు. ఇంజను పక్కన పెట్టె ఎక్కు. మెట్లు దగ్గరని జనమంతా వెనక పెట్టెల్లో తోసుకుంటారు."

"ఎటువైపు కూర్చోమంటావు?"

"పోయేటప్పుడు ఎడమవైపు. కుడివైపు ఎండ మాడ్చేస్తుంది."

ఇస్త్రీ బల్ల దగ్గర నిలబడ్డ పెద్దమ్మ నవ్వింది. "నిన్ను తీసుకుపోయి స్టేషన్లో కూర్చోబెడితే బళ్లన్నీ వేళకు నడిచేవే!"

అందరికీ ఇన్ని దారులు చెప్పే నీలక్క తాను మాత్రం వారం వారం రైలెందుకు ఎక్కుతుందని ఎవరూ అడగలేదు. అందరికీ తెలిసిందే.

ఆమె మొగుణ్ణి మార్కెట్లో సమ్మెట అనేవాళ్లు. బస్తాలు మోసే పని. మోయడంలో మొనగాడే గానీ ఆ పేరు వచ్చింది పిడికిలి వల్ల. కూరగాయల బండి దారికి అడ్డం పెట్టినా, ఎవరైనా ఒక్క మాట ఎక్కువ తక్కువగా అన్నా పిడికిలి లేచేది. మార్కెట్ పెద్దలు కూడా ఎవరినైనా భయపెట్టాలంటే అతన్నే పంపేవాళ్లు. వారమంతా బస్తాలు మోసి, ఇంటికొచ్చి, కంచం ముందే కునికిపాట్లు పడేవాడు. ఆ రోజులు గట్టెక్కినట్టే. శని, ఆదివారాలు మార్కెట్ మూత. మోయడానికి బస్తా ఉండదు, చేతులు ఊరికే ఉండవు. కూరలో ఉప్పు చాలలేదని ఒకసారి జుట్టు పట్టుకుని గుమ్మం దాకా ఈడ్చాడు. నవ్వావని ఒకసారి, నవ్వలేదని ఇంకొకసారి. కడుపుతో ఉన్నప్పుడు ఒక ఆదివారం తన్నిన తన్నుకు ఆ బిడ్డ దక్కలేదు. ఆసుపత్రిలో ఆమె పడుకున్న దుప్పటిని తర్వాత ఆమే ఉతుక్కుంది. రక్తం మరక చన్నీళ్లకే వదులుతుంది. వేడినీళ్లు పోస్తే బట్టలోకి దిగబడిపోతుంది. ఆ సంగతి ఆమెకు బాగా తెలుసు.

రైలు మహిమ తెలిసింది ఆ తర్వాతే. నీలక్క వాళ్ల అక్క పురిటికని ఇద్దరూ బయల్దేరారు. బండి కదిలింది. పెట్టెకు పెట్టె తగిలి ఒక కుదుపు వచ్చింది. పక్కకు చూస్తే సమ్మెట లేడు. అతని చొక్కాలో మునిగిపోయి ఆరేడేళ్ల పిల్లాడొకడు కూర్చున్నాడు. పెద్ద తల, సన్నటి మెడ. కిందికి జారిపోతున్న ప్యాంటును రెండు చేతులతో పట్టుకున్నాడు. కనుబొమ మీది మచ్చ చూసి ఆమె గుర్తుపట్టింది.

టీసీ వచ్చాడు. రెండు టికెట్లూ చూసి, పిల్లాణ్ణి చూసి, "పసివాడికి ఫుల్ టికెట్ ఎందుకు తీశావమ్మా, డబ్బు దండగ. ఈసారి అర టికెట్ తీసుకో," అన్నాడు.

"ఎక్కేటప్పుడు పెద్దవాడేనండీ."

"కొందరికి అంతే. ఒక్కొక్కరిది ఒక్కో ఒంటి తత్వం," అని ముందుకు పోయాడు.

ఎదురుగా కూర్చున్న ముసలాయన తలూపాడు. "మా బావమరిదికి బస్సు పడదు, వాంతులు. ఇది నయం." ఆ పూటకి అందరూ ఆ సంగతి మరిచిపోయి ఊరి కబుర్లలో పడ్డారు.

దిగి ప్లాట్‌ఫారం మీద కాలు పెట్టగానే అతను మళ్లీ ఎప్పటిలాగే ఆరడుగుల మనిషి. చొక్కా గుండీలు సర్దుకుంటూ, "రైల్లో భలే నిద్ర పట్టిందే," అన్నాడు. అతనికి గుర్తుండేది అంతే. నిజంగా అంతేనో, ఒప్పుకోవడానికి మొహం చెల్లదో ఆమెకు ఎన్నడూ తేలలేదు. కానీ వారం తిరిగేసరికి, "ఈసారి ఎటు?" అని తనే అడిగాడు.

అప్పటినుంచి నీలక్క బళ్ల వేళలన్నీ బుర్రకెక్కించుకుంది. ఏ బండి ఎంత నిదానమైతే అంత మంచిది. ఏ ఊరెళ్లినా చూసొచ్చేది తక్కువ, బండిలో కూర్చునేది ఎక్కువ. దిగి ఎక్కే మధ్య వ్యవధి టీ తాగేంత కూడా లేకుండా చూసుకునేది. ఎప్పుడూ ఒకటిన్నర టికెట్టు. పాత దుప్పటి గుడ్డతో చిన్న చొక్కా, లాగూ కుట్టి సంచిలో పెట్టుకునేది. ఇంట్లో "ఏమండీ, మీరు" అనే నోటితోనే రైల్లో "ఒరేయ్, కిటికీలోంచి చెయ్యి బయట పెట్టకు" అనేది.

పిల్లాడు అల్లరి చేసేవాడు కాదు. అదే ఆమెను తినేసేది. చొక్కా మార్చేటప్పుడు వీపు నిండా బెల్టు వాతలు. కొన్ని మానినవి, కొన్ని పచ్చిగానే ఉన్నవి. సమ్మెట వీపు మీద అవి ఉన్నాయని కాపురం చేసినన్నాళ్లూ ఆమెకు తెలియదు. అతను ఇంట్లో కూడా బనీను విప్పేవాడు కాదు. ఆమె నీళ్ల సీసా అందుకోవడానికి చెయ్యెత్తితే చాలు, పిల్లాడి మోచెయ్యి తల మీదికి లేచేది.

ఒకసారి, ముందురోజు అతను విరగ్గొట్టిన ఆమె వేలు సలుపుతూ ఉంది. బండి సొరంగంలోకి పోయింది. చీకటి. ఎవరూ చూడరు. ఇన్నాళ్ల ఉక్రోషం ఒక్కసారి పైకి తన్నుకొచ్చి, పక్కనున్న చిన్న చెంప మీద శక్తికొద్దీ ఒకటి ఇచ్చింది. వాడు ఏడవలేదు. వెలుతురులోకి వచ్చేసరికి మోచెయ్యి తల మీద పెట్టుకుని అలాగే కూర్చుని ఉన్నాడు.

"రెండోది ఎప్పుడు?" అని అడిగాడు.

ఫిర్యాదు కాదు. బండి ఎప్పుడొస్తుందని అడిగినట్టే అడిగాడు. నీలక్క ఆ పూటంతా కిటికీ వైపు మొహం పెట్టుకుని కూర్చుంది. మళ్లీ వాడి మీద చెయ్యి వెయ్యలేదు. ఇంటికెళ్లాక ఆ మనిషి మాత్రం ఆమె మీద వేస్తూనే ఉన్నాడు.

ఆ శుక్రవారం, మడతల అమ్మాయికి సముద్రం దారి చెప్పిన కాసేపటికి, అత్యవసర వార్డు నుంచి దుప్పట్ల మూట దిగింది. విప్పితే రక్తం గడ్డకట్టి ఉంది. మూట తెచ్చిన ఆయా గొంతు తగ్గించింది. "ఉల్లిపాయల కొట్టు కుర్రాడు. బండి తియ్యరా అంటే ఆలస్యం చేశాడట. ఒక్కటే గుద్దు. వెనక ఇనప కాటా ఉంది, దాని అంచుకు తల తగిలింది. ఇందాకే పోయాడు."

ఎవరు గుద్దారో ఆయా చెప్పలేదు. చెప్పకుండా నీలక్క వైపు చూసింది, అంతే. ఇస్త్రీ పెద్దమ్మ పెట్టె పక్కన పెట్టి వచ్చి, "నువ్వు వదిలెయ్, నేను నానబెడతాను," అంది.

"నేనే ఉతుకుతాను పెద్దమ్మా," అంది నీలక్క. చన్నీళ్ల తొట్టిలో దుప్పటి ముంచింది. నీళ్లు ఎర్రబడ్డాయి. మార్చింది. మళ్లీ ఎర్రబడ్డాయి. ఆ కుర్రాడు ఆమెకు తెలుసు. తూకంలో ఒక ఉల్లిపాయ ఎక్కువ వేసి, "వదినకి కొసరు," అనేవాడు.

సాయంత్రానికి పోలీసులు వచ్చి పోయారట. మార్కెట్లో ఎవరూ నోరు విప్పలేదు. కాలు జారి పడ్డాడని రాసుకున్నారు. ఇంటికెళ్తే సమ్మెట వాచిన పిడికిలిని నీళ్ల గిన్నెలో పెట్టుకుని కూర్చున్నాడు. ఆమె వైపు తలెత్తలేదు.

"రేపు ఎటు?" అన్నాడు.

"చివరి స్టేషన్ దాకా," అంది ఆమె.

తెల్లవారి స్టేషన్లో టికెట్లు తీసుకుని వెనక్కి తిరిగితే, ప్లాట్‌ఫారం మీద చనిపోయిన కుర్రాడి అన్నలిద్దరూ ఉన్నారు. పెద్దవాడు కదలకుండా, చిన్నవాడు ఊగిపోతూ. ఇద్దరి భుజాల మీదా తువ్వాళ్లు. తువ్వాళ్ల కింద బస్తాలు లాగే ఇనప కొక్కేల మొనలు. సమ్మెట కూడా చూశాడు. అతనికి భయమేస్తుందని నీలక్క ఎన్నడూ అనుకోలేదు. ఆమెను పక్కకు నెట్టి, కదలబోతున్న బండిలోకి గెంతాడు. ఆమె వెనకే ఎక్కింది. అన్నలిద్దరూ పక్క గుమ్మంలోంచి ఎక్కారు.

బండి కుదిపింది. వాళ్లు జనాన్ని తోసుకుంటూ వచ్చేసరికి సీటు మీద పిల్లాడు ప్యాంటు పట్టుకుని కూర్చున్నాడు.

చిన్నవాడు కొక్కెం బయటికి తీశాడు. దగ్గర్లో ఉన్న ఆడవాళ్లు పిల్లల్ని ఒళ్లోకి లాక్కున్నారు.

"ఆగరా!" అన్నాడు పెద్దవాడు.

"ఆగేదేంటి! వీడే గదా! మార్కెట్లో ఎవర్నడిగినా చెప్తారు, రైలెక్కితే వీడికి ఇలా అవుతుందని."

"వీడేనని నాకూ తెలుసు. పసివాణ్ణి కొక్కెంతో పొడుస్తావా? పొడిచి ఇంటికెళ్లి అమ్మతో ఏం చెప్తావు?"

చిన్నవాడు కొక్కెం పైకెత్తాడు. కోపం ఎటు పోవాలో తెలియక కొక్కేన్ని సీటు చెక్కలోకి దిగేలా కొట్టాడు. చెక్క పగిలింది. పిల్లాడి మోచెయ్యి తల మీదికి లేచింది.

పెద్దవాడు నీలక్క ఎదురుగా కూర్చున్నాడు. కళ్లు వాచి ఉన్నాయి. రాత్రంతా ఏడ్చిన మొహం. "అక్కా, నీతో మాకు తగువు లేదు. నీ ఒంటి మీదివి మేం చూడలేదనుకోకు. ఏదో ఒక స్టేషన్లో వీణ్ణి దించు. కాలు కింద పెట్టాక మిగతాది మేం చూసుకుంటాం."

బండి ఆగిన ప్రతిచోటా అతను, "దించు," అనేవాడు. బతిమాలినట్టే ఉండేది ఆ మాట. ప్రతిచోటా ఆమెకు దించాలనే అనిపించింది. ఒక్కసారి చెయ్యి పట్టుకుని దింపితే చాలు, శని, ఆదివారాలు ఇక జన్మలో భయం ఉండదు. ఒక స్టేషన్లో పిల్లాడి చెయ్యి పట్టుకుని గుమ్మం దాకా వెళ్లింది కూడా. చిన్నవాడు అప్పటికే కిందికి దూకి కొక్కెం సవరించుకున్నాడు. పిల్లాడు ఆమె బొటనవేలిని గుప్పెట్లో బిగించాడు. విరిగి వంకరగా అతుక్కున్న వేలు దాని పక్కదే. ఆమె అలాగే నిలబడిపోయింది. బండి కూత వేసింది. చిన్నవాడు బూతులు తిడుతూ మళ్లీ ఎక్కాడు.

చివరి స్టేషన్ వచ్చింది. జనమంతా దిగిపోయారు. అన్నలిద్దరూ దిగి గుమ్మానికి అటొకరూ ఇటొకరూ నిలబడ్డారు. ఆ బండి అక్కడ నిలిచిపోయేది కాదని నీలక్కకు తెలుసు. బోర్డు మారుస్తారు, ఇంజను అటు తగిలిస్తారు, వేరే పేరుతో వెనక్కి పోతుంది. అక్కడ మళ్లీ పేరు మారుతుంది. ఆ పెట్టెలు ఏళ్ల తరబడి అలా తిరుగుతూనే ఉంటాయి.

ఆమె పిల్లాడి ముందు గొంతుక్కూర్చుంది.

"ఒరేయ్, విను. నువ్వు దిగితే వాళ్లు నిన్ను చంపుతారు. నువ్వు వాళ్ల తమ్ముణ్ణి చంపావు గనక."

వాడు కళ్లార్పకుండా చూశాడు. "నేనా?"

"నువ్వే. దిగితే నీకే గుర్తొస్తుంది. నన్ను కూడా కొట్టావు. ఇక నేను నీతో ఉండను, నిన్ను దించను కూడా. నీ ఇష్టం."

వాడు గొంతు బాగా తగ్గించి, "దిగితే అక్కడ నాన్న ఉంటాడా?" అని అడిగాడు.

వాడి తండ్రి చచ్చి ఎన్నో ఏళ్లయింది. ఆ మాట చెబుదామని నోరు తెరిచి, సమ్మెట పిడికిలి గుర్తొచ్చి ఆగింది.

"ఉంటాడు," అంది. "నువ్వు దిగిన ప్రతిచోటా ఉంటాడు."

"అయితే నేను దిగను."

నీలక్క చిన్న చొక్కా, లాగూ వాడి పక్కన పెట్టింది. అన్నం డబ్బా పెట్టింది. వెనక్కి చూడకుండా దిగింది.

"వాడేడీ?" అన్నాడు చిన్నవాడు.

"రానన్నాడు."

చిన్నవాడు చెయ్యి తిరగేసి ఆమె చెంప పగలగొట్టాడు. ఆమె ప్లాట్‌ఫారం మీద పడింది. పెదవి చిట్లింది. అతను ఆమెను దాటుకుని పెట్టెలోకి దూకి పిల్లాడి కాలు పట్టి లాగాడు. వాడు ఒక చేత్తో సీటు కాలును కరుచుకుని, రెండో చెయ్యి తల మీద పెట్టుకున్నాడు. అరవలేదు. పెద్దవాడు లోపలికెళ్లి తమ్ముణ్ణి మెడ పట్టి వెనక్కి గుంజి, గుమ్మానికేసి కొట్టాడు. ఇద్దరూ కలబడ్డారు. మెట్ల మీంచి దొర్లి కిందపడ్డారు. చిన్నవాడి ముక్కులోంచి రక్తం కారింది. చివరికి అతను అక్కడే చతికిలబడి చిన్నపిల్లాడిలా బావురుమన్నాడు.

"నాకు కావలసింది ఈ పిల్లాడు కాదురా," అన్నాడు పెద్దవాడు రొప్పుతూ. "ఆ మనిషి. తనంతట తనే దిగుతాడు. దిగకుండా ఎన్నాళ్లుంటాడు?"

బండి కూత వేసి వెనక్కి బయల్దేరింది. నీలక్క చెంగుతో పెదవి అద్దుకుని, కౌంటరు దగ్గరికెళ్లి వేరే బండికి టికెట్ తీసుకుంది. ఒక్కటే.

ఇంటికొచ్చాక తలుపుకు లోపలివైపు గడియ బిగించుకుంది. ఆదివారం పొద్దెక్కేదాకా పడుకుంది. మార్కెట్లో సమ్మెట స్థానంలోకి ఇంకెవడో వచ్చాడు. లాండ్రీలో ఎవరూ ఏమీ అడగలేదు. ఇస్త్రీ పెద్దమ్మ మాత్రం, "చెయ్యి నీలం తగ్గిందే," అంది.

పిల్లాడు దిగలేదు. టీ అమ్మేవాడు రొట్టె ఇచ్చేవాడు. రాత్రుళ్లు గార్డు తన దుప్పటి కప్పేవాడు. టీసీలు అర టికెట్ అడగడం కూడా మానేశారు. ఊడ్చే ఆమె వాడికి తల దువ్వి, "మా బండి పిల్లాడు," అని చెప్పుకునేది. నెలలు గడిచేసరికి ఒక సంగతి తెలిసింది. దిగకుండా ఉండేసరికి వాడు పెరగడం మొదలుపెట్టాడు. అందరు పిల్లల్లాగే, అంత నిదానంగానే.

చాలాకాలం నీలక్క ఆ బండి ఎక్కలేదు. అటువైపు వెళ్లేవాళ్లకు వేరే బళ్లు చెప్పేది. ఒక శుక్రవారం లాండ్రీ గేటు దగ్గర ఉల్లిపాయల కొట్టు పెద్దవాడు నిలబడి ఉన్నాడు. ఆమె ఒక అడుగు వెనక్కి వేసింది. అతను తల గోక్కున్నాడు.

"అక్కా, నేను వారం వారం ఆ బండిలో పోతున్నాను. వాడు దిగుతాడేమోనని. టికెట్లకే చేతి చమురు వదులుతోంది. నువ్వయితే దారి చెప్తావని..."

ఆమె అతని మొహంలోకి చూసింది. ఎగతాళి లేదు.

"నెలవారీ పాసు తీసుకో. మొదటి స్టేషన్ నుంచి కాదు, తర్వాతి స్టేషన్ నుంచి తీసుకో, చవక. కొట్టు నుంచి అక్కడికి నడక దూరమే," అంది. తర్వాత, "ఎలా ఉన్నాడు?" అని అడిగింది.

"ముందు పన్ను ఊడింది," అన్నాడు అతను. "దాచుకున్నాడు. చూపించమంటే చూపించడు."

ఆ శనివారం ఆమె కూడా ఎక్కింది. పెద్దవాడు తన మూల సీట్లో, ఒళ్లో తువ్వాలు చుట్టిన కొక్కెం పెట్టుకుని కూర్చున్నాడు. పిల్లాడు కిటికీ దగ్గరున్నాడు. ఆమెను చూసి గుర్తుపట్టాడు గానీ దగ్గరికి రాలేదు. ఆమె కూడా పిలవలేదు. కొత్త చొక్కా తెచ్చింది, పాతదానికంటే జానెడు పొడుగు. సీటు మీద పెట్టి ఎదుటి వరసలో కూర్చుంది.

ఒక స్టేషన్లో లావుపాటి వ్యాపారి ఒకడు పెట్టెలతో ఎక్కాడు. బండి కుదుపుకి పిల్లాడు తూలి, వ్యాపారి చేతిలోని టీ గ్లాసు మీద పడ్డాడు. తెల్ల చొక్కా నిండా టీ. "దొంగ వెధవా!" అంటూ ఆ మనిషి చెయ్యెత్తాడు. పిల్లాడి మోచెయ్యి తల మీదికి పోయింది.

దెబ్బ పడలేదు. పెద్దవాడు లేచి ఆ మణికట్టును గాల్లోనే పట్టుకున్నాడు. మెలితిప్పాడు. ఏదో పటుక్కుమంది. వ్యాపారి మోకాళ్ల మీద కూలబడి అరిచాడు. పెద్దవాడు వదల్లేదు.

"వీడి మీద చెయ్యి పడితే అది నాదే పడాలి. ఇంకెవడిదీ పడకూడదు."

"ఎవడు... ఎవడు వీడు? నీ కొడుకా?"

"మా తమ్ముణ్ణి చంపినవాడు," అన్నాడు పెద్దవాడు.

జనం ఆ మాట విని కాస్త జరిగి చోటిచ్చారు. ఎవరో వ్యాపారిని లేపి అవతలికి తీసుకుపోయారు. పెద్దవాడు రొప్పుతూ మళ్లీ తన మూలన కూర్చున్నాడు. ఒళ్లోంచి జారిన కొక్కేన్ని తీసి సీటు కిందికి తోశాడు. పిల్లాడు తల మీంచి చెయ్యి దించడానికి చాలాసేపు పట్టింది. దించాక, అటూ ఇటూ చూసి, వెళ్లి అతని పక్కన ఖాళీగా ఉన్న చోట కూర్చున్నాడు. మధ్య బెత్తెడు దూరం వదిలాడు. అతను జరగమనలేదు, దగ్గరికీ తీసుకోలేదు.

నీలక్క కిటికీ ఊచకు తల ఆనించింది. గాలి చల్లగా తగులుతోంది. చివరి స్టేషన్ వచ్చి పెద్దవాడు భుజం తట్టి లేపేదాకా ఆమె ఒళ్లు తెలియకుండా నిద్రపోయింది. రైల్లో ఆమె కళ్లు మూయడం అదే మొదటిసారి.